పీపాలు దొర్లించేది ఎవరు

భిలాయి క్వార్టర్లో ఆయన కంప్యూటర్ డబ్బా విప్పి కూర్చున్నాడు. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

“ఏటండీ, తేలిందా?”

“తేలింది. కొత్త గ్రాఫిక్స్ కార్డు తీసి పాతది పెట్టాను. బొమ్మ మసకబారింది గానీ, గేములో పీపాలు మునుపటిలాగే దొర్లాయి.”

“అంటే?”

“ఈ గేములో ఆ దొర్లుడు లెక్కంతా ప్రాసెసర్‌దే, నేనన్నట్టు కార్డుది కాదు. మీ తమ్ముడు చెప్పిందే నిజం.”

“మరి చర్చి ముందు, అందరూ వింటుండగా, మా ఇమ్మానుని చదువురాని అన్‌పఢ్ అన్నారు.”

“అన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఇవాళ ఫాదర్ దగ్గర తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకుంటాను.”

“ఫాదర్‌కి చెప్తే ఇమ్మానుకెలా తెలుస్తాది?”

“తెలీదు. ఫాదర్లు బయటికి చెప్పకూడదు కదా.”

“అందుకేనా ఆయన దగ్గరికి?”

“...సరే. వాడికి ఫోన్ కలుపు. నువ్వే చెప్పు.”

“కలపక్కర్లేదండీ. సెల్లు నా ఒళ్ళోనే ఉంది. వాడు మొదట్నుంచీ వింటన్నాడు.”