పలుకరాని పేరు

యుద్ధకాలమది. వడమాలపేటలో ఒక ఇంటి గడప లోపల పాతకుక్క కరియడు గుఱ్ఱుమనుచుండగా, పూతలపట్టు నుండి వచ్చిన ఎఱ్ఱకుక్క వీధిలో నిలిచియుండెను. నడుమ ఆలుమగలు.

“మే, మీ తమ్ముడు పట్టాళంలో చేరితే వాని కుక్క మన కొంపకు రావాల్నా?”

“వాడు తిరిగొచ్చేదాకా ఉండనీండి. దానికి గంజి పోసే దిక్కు యాడుండాది?”

“కరియనితో కొట్లాడిందంటే మాత్రం రేపే బండెక్కిస్తా.”

“కొత్తల్లుణ్ణి నేరుగా ఇంట్లోకి తోలుకొస్తారా? ఎదురుకోలు వద్దా? రెండింటినీ పొలిమేర దాకా పక్కపక్కనే నడిపించి, పొత్తు కుదిరినాక తోలుకొని రాండి.”

“మేళగాండ్లను కూడా పిలవమంటావా?”

పరిహసించుచునే ఆయన వెడలెను. గడియ తరువాత మూవురును మరలివచ్చిరి.

“దోవలో బాగనే నడిచినాయి. గంజికాడ కొట్లాడితే ఎఱ్ఱదాన్ని పక్కకు పిలవాల. దాని పేరేమి?”

“నేను చెప్పకూడదు.”

“ఏం, మంత్రమా?”

“మీ బామ్మర్ది పరాచికానికి పెట్టినాడు. కట్టుకున్న ఆడది నోటితో పలికే పేరు కాదు.”

“నా పేరా! కుక్కకా!”

“మీరంటే వానికి అంత ప్రేమ.”

“మరి ఎట్ల పిలుస్తావు?”

“మిమ్మల్ని పిలిచినట్టే. ఇదో, మిమ్మల్నే! ఇట్ల రాండి!”

కరియని గంజిమూకుడు వైపు సాగుచున్న ఎఱ్ఱకుక్క వెనుదిరిగి, తోక నాడించుచు ఆమె పాదములకడ కూర్చుండెను. కరియడు నెమ్మదిగా గంజి త్రాగెను.

“ఒక్క పిలుపుకే వచ్చినాడే!”

“పెండ్లయి ఇరవై ఏండ్లాయె. మీరెప్పుడన్నా వచ్చినారా?”

“అట్లయితే ఈ ఇంట్లో ఎవరుండాల్నో నువ్వే చెప్పు.”

“ఇద్దరూ ఉండండి. పిలిస్తే ఒకరన్నా పలుకుతారు.”