కొనేవాళ్ల స్టూళ్లు

విజయవాడలో ఓ చీరల షాపు. మధ్యాహ్నం బేరాల్లేకపోయినా, అమ్మే ఆడవాళ్లిద్దరూ కౌంటరు దగ్గర నిలబడే ఉన్నారు. వయసులో చిన్నామెకు ఆరో నెల.

"అక్కా, కళ్లు తిరుగుతున్నాయి."

"చీర కింద పడేసి, మడతపెడుతున్నట్టు కూర్చోవే. నా కాన్పులప్పుడు నేనూ అట్లాగే నెట్టుకొచ్చా."

"పొద్దుట్నించీ అదే చేస్తున్నా. మేనేజరు కెమెరాలో చూసి మైకులో అరిచాడు."

"అయితే ఆ స్టూలు మీద కూర్చో."

"అమ్మో! అవి కొనేవాళ్లకి. మొన్న పక్క కౌంటరు కనకలక్ష్మి కూర్చుందని మర్నాడే మానిపించారు."

"బేరం లేనప్పుడు కూర్చుంటే వాళ్ల సొమ్మేం పోయింది? మనవి కాళ్లు కావా?"

"నాకు భయమక్కా. ఇప్పుడీ పని పోతే నన్నెవరు పెట్టుకుంటారు?"

"సరే, ముందు నేను కూర్చుంటా. మానిపిస్తే ఇద్దర్నీ మానిపించాలి."

"అక్కా, కెమెరా ఇటే చూస్తోంది."

"చూడనీ. నువ్వూ కూర్చో."