అభయహస్తానికి బెజ్జం

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టి, కురవకుండా నిలిచిపోయింది. వారం జ్వరం నుంచి లేచిన శిల్పి పనికొట్టంలోకి వచ్చి, తాను చెక్కిన అమ్మవారి ముందు ఆగాడు. తమ్ముడు ఉలులు సర్దుతున్నాడు.

"అరచేతికి బెజ్జం ఎవరు వేశార్రా?"

"నేనే అన్నయ్యా. గుడివాళ్ళకి ఉగ్రరూపం కావాలట. ఆ చేతిలో కత్తి నిలబెట్టాలి."

"భయపడకని చెప్పే చెయ్యిరా అది."

"ఏ రూపమైనా అమ్మ ఒక్కతేనని నువ్వే అంటావుగా."

"అంటాను. పక్కగదిలో ఉన్నవాణ్ణి అడగడానికి నోరు రాలేదా?"

"అడిగితే వద్దంటావు."

"నాకు మందు పోసి, అమ్మకు బెజ్జం వేశావన్నమాట. ఆ చెయ్యి కోసం మీ వదిన ఎన్నాళ్ళు చెయ్యెత్తి నిలబడిందో మరిచావా?"

"బెజ్జం వేసేటప్పుడు దీపం పట్టుకుంది వదినే."

మధ్యాహ్నం శిల్పి భార్య వడ్డించింది. ముగ్గురూ తలెత్తకుండా తిన్నారు.