లారీ యాక్సిల్‌తోని లేపిన బండ

"అమ్మమ్మా, నువ్వు కొలిమికాడ సమ్మెట కొట్టినవని అమ్మ చెప్పింది. నిజమేనా?"

కొట్టుడేంది బిడ్డా, పట్టుకారు గూడ పట్టిన. జర ఆ దిండు ఇటియ్యి, నడుముకు పెట్టుకుంట. ఆఁ. మన కొలిమి తాండూరుల, బండల గనులకు పోయే తొవ్వమీద ఉండె. మీ తాత ఇనుము తిప్పుతుంటే నేను, మా ఆడబిడ్డ నర్సమ్మ చెరొక దిక్కు నిలబడి కొట్టేటోళ్ళం. కమ్మరోళ్ళ ఇండ్లల్ల ఆడోళ్ళు సమ్మెట పట్టుడు కొత్తేం గాదు.

నువ్వు మీ కంపెనీల ఉక్కు సంగతి చెప్తివి సూడు, ఏందది... డూప్లెక్సు. ఉప్పునీళ్ళల్ల ఉన్నా తుప్పు పట్టదు, మామూలు స్టీలు కన్న మస్తు గట్టిగుంటదంటివి. మా కాలంల అన్ని గుణాలు ఒక్కదాంట్ల యాడియి? మెత్త ఇనుము వంగుతది గని విరగది. లారీ కమాన్ పట్టీ ఉక్కు పదును పడ్తది, కొడవండ్లకు అదే మంచిది, గని వానకు ఎర్రగ తుప్పెక్కుతది. ఇగ తుప్పు పట్టని స్టీలంటవా, మా అన్న హైదరాబాద్ నుంచి ఒక పళ్ళెం తెచ్చిండు, అరవైలల్ల అనుకుంట. వాడకట్టంత వచ్చి చూసిపోయిండ్రు. చింతపండు పులుసు ఎంతసేపున్నా మచ్చ పడలె. మీ తాత ఊకుంటడా? అసొంటి స్టీలు ముక్క యాడనో సంపాయించి కత్తి చేద్దామని చూసిండు. కాల్చి నీళ్ళల్ల ముంచినా గట్టిపడకపాయె. అయస్కాంతం గూడ అంటకపాయె. మీ డూప్లెక్సుకు అంటుతదంటివి గదా, వింతనే.

ఏం చెప్తున్న... ఆఁ, యాక్సిల్ సంగతి. అది పళ్ళెం కన్న ముందుగాల. పోలీస్ యాక్షన్ అయినంక నాలుగైదేండ్లకు... కాదు కాదు, మీ అమ్మ అప్పటికే నడుస్తుండె, ఇంక జర తర్వాత. మీ తాత బొగ్గులకని పొద్దుగాల్నే రైలెక్కి వికారాబాద్ పోయిండు. అనంతగిరి దిక్కు బొగ్గు మంచిగ మండుతుండె. గంతల గని మేస్త్రి ఉరుక్కుంట వచ్చిండు. బండ జారి ఖాజా మియా కాలు సందుల ఇరికిందట. ఖాజా మియా అంటే బండలు చీల్చుట్ల పేరున్నోడు, మా కాడనే పనిముట్లు చేపిచ్చుకునేటోడు. నన్ను ఆపా అని, సొంత అక్క లెక్క పిలుస్తుండె.

మేస్త్రి చేతిల రెండు గడ్డపారలు. ఒకటి మెత్త ఇనుముది, విల్లు లెక్క వంగింది. ఇంకోదాని కొసకు కమాన్ పట్టీ ఉక్కు అతికిచ్చిండ్రు, గని కాల్చి నీళ్ళల్ల ముంచి అట్లనే ఇడిసిపెట్టిండ్రు ఎవరో. అద్దం లెక్క విరిగింది.

"మీ ఆయనేడమ్మా?"

"ఊర్ల లేడన్నా."

మేస్త్రి తలకాయ పట్టుకున్నడు. గని కొలిమెనక పాత లారీ యాక్సిల్ ఒకటి పడి ఉండె. అది బరువు మోసే ఇనుము బిడ్డా. ఎన్ని గుంతలల్ల పడ్డా వంగొద్దు, విరగొద్దు, గట్ల చేస్తరు దాన్ని. "తిత్తి ఊదు నర్సమ్మా," అన్న.

"ఇది గూడ విరిగితే ఎట్లమ్మా?" అన్నడు మేస్త్రి.

"విరగనియ్య," అన్న. యాక్సిల్ కొస కొలిమిల పెట్టిన.

కొస ఎర్రగ కాలినంక నేను పట్టుకారుతోని తిప్పిన, నర్సమ్మ, మేస్త్రి కొట్టిండ్రు. కొస పలక లెక్క సాగింది. ఇగ నీళ్ళు పట్టుడు, అంటే పదును పెట్టుడు. కొస ఒక్కటే ఒకసారి ముంచి తీసి, రాయిమీద రుద్ది తెల్లగ చేసిన. లోపలి వేడి కొసకు దిగుతుంటే రంగులు మారుతయి. ముందుగాల ఎండుగడ్డి రంగు. అప్పుడే ముంచితే గట్టిగుంటది గని విరుగుతది. "చాలమ్మా, ఆలస్యమైతుంది," అంటడు మేస్త్రి. "జర ఆగన్నా." ఊదారంగొచ్చింది, పోయింది. నెమలి మెడ లెక్క నీలం వచ్చినంక ముంచిన.

వెంబడి నేను గూడ గనికి పోయిన. ఖాజా మియా మొఖంల నెత్తురు లేదు. నన్ను చూసి, "ఆపా, జల్దీ," అన్నడు, అంతే. కొస సందుల దూర్చి, కింద రాయి పెట్టి, బలమున్నోళ్ళిద్దరు మీద పడ్డరు. యాక్సిల్ జర వంగినట్టయింది. విరగలె. బండ బెత్తెడు లేసింది, మనిషిని బయటికి గుంజిండ్రు. కాలు ఎముక విరిగింది గని కాలు పోలె. కుంటుకుంటనైనా మల్ల గనికే పోయిండు, పెండ్లి గూడ చేసుకున్నడు.

సాయంత్రం రైలుకు మీ తాత దిగిండు. తొవ్వలనే అందరు చెప్పిండ్రట. ఇంటికి రాక గనికి పోయి యాక్సిల్ చూసిండు. కొసను గోటితోని గీకి, ఆ నీలం చూసి, మేస్త్రి ముందటనే, "ఇగ నీళ్ళు పట్టే పని ఆమెదే. నా కన్న ఆమె కన్ను మంచిది," అన్నడు. నాతోని కాదు, అందరితోని అన్నడు. ఆ దినం సంది బండలోళ్ళు, మీ తాత ఖాళీగ కూసున్నా సరే, నేను పొయ్యికాడి నుంచి వచ్చేదాంక పనిముట్లు పట్టుకొని ఆగేటోళ్ళు.

సరే తియ్యి, పొద్దుగాల నీకు డ్యూటీ ఉంది. నిన్ను గూడ గట్లనే, నీ పని కోసం పదిమంది వాకిట్ల నిలబడి అడగాలె బిడ్డా. సల్లగుండు.