రత్నమ్మ విప్పని మూట

"అవ్వా, చిన్నవ్వకు అంత ధైర్యం యాడనుంచి వచ్చిందవ్వా? ఇంట్లో ఎవురినైనా ఆదర్శంగా పెట్టుకోని, వాళ్ళను గురించి నాలుగు మాటలు రాసుకోని రమ్మన్నారు మా ఆఫీసులో."

ధైర్యమా? మా చెల్లెలు రత్నమ్మకా? కూచో తల్లీ, కూచో. ఆ ఫోను పక్కన పెట్టు. ఓ, రికార్డు చేసుకుంటానంటివి గదా, అయితే ఈడనే పెట్టు, ఈ చాటకు ఆనించి. సరే.

ముందర నీ సంగతి చూద్దాం. హిందూపురంలో అంగళ్ళకు బిల్లు మిషన్లు అమ్మే ఉద్యోగంలో చేరి నెలాయె. రోజూ బజారుకు పోతావు, అంగడి ముందర నిలబడతావు, "ఈపొద్దు గిరాకీ ఎక్కువుండాది, రేపొస్తాలే" అనుకోని తిరుక్కుంటావు. రాత్రి కూచోని ధైర్యం ఎట్ల తెచ్చుకోవాలో చెప్పే వీడియోలు చూస్తావు. అన్ని వీడియోలు చూసేదానికి మాత్రం నీకు ఎవురూ ధైర్యం చెప్పాల్సిన పన్లేదు. మూతి ముడుచుకోవద్దు. లెక్క చేసేముందు లెక్క ఏందో చదువుకోవల్ల గదా, అందుకు చెప్తాండా.

ఇప్పుడు మీ చిన్నవ్వ అంటే అందరికీ ఏం తెలుసు? ధర్మవరం చీరలు తెచ్చి హిందూపురంలో ఇల్లిల్లూ తిరిగి అమ్మింది, బిడ్డను చదివించింది, పులి మాదిరి మనిషి అని. పులే, నేను కాదనను. కాకుంటే ఆ పులి మొదటి వారం గుహలోంచి బయటికే రాలేదు. అది ఎవురూ చెప్పరు.

ఏమాయెనంటే, మా మరిది, అంటే రత్నమ్మ మొగుడు, పనిచేసే మిల్లు మూతబడింది. ఆయప్ప వాళ్ళన్నకు నంబులపూలకుంట దిక్కు శెనక్కాయ చేను. "ఈడ అద్దె కట్టి బతకలేం, పోయి చేన్లో పడదాం" అన్న్యాడు. అప్పటికి వాళ్ళ బిడ్డ, మీ వసంతత్త, ఏడో తరగతి. బలే చదివేది. నేనే ఎత్తుకోని అక్షరాలు దిద్దించినా దానికి. ఆ పల్లెకు పోతే చదువు అంతటితో సరి. రత్నమ్మ ఏడ్చి మొత్తుకోని, "ఒక్క వారం గడువియ్యి, చీరలమ్మి చూపిస్తా" అనింది. ధర్మవరంలో మగ్గాలుండే ఆయన ఒకాయన మా నాయనకు స్నేహితుడు, నమ్మకం మీద ఒక మూట ఇచ్చినాడు. మొగుడేమో, "ఆదివారానికి ఒక్క చీరన్నా అమ్ముడుపోతే ఉందాం. లేకుంటే మూట వాళ్ళకిచ్చేసి బస్సెక్కుదాం" అన్న్యాడు. అర్థమాయె గదా? ఒక్క చీర. అంతే.

ఇంగ చూడు. సోమవారం మూట విప్పి, రంగుల వారీగా సర్ది, మళ్ళా కట్టింది. మంగళారం కొత్త పని మొదలుపెట్టగూడదు. బుధవారం, రంగులు కాదు, అంచుల వారీగా సర్దితే బాగుంటాదని తోచింది. విప్పింది, సర్దింది, కట్టింది. గురువారం అమావాస్య. శుక్రవారం లక్ష్మిని ఇంట్లోంచి బయటికి పంపగూడదంట! చీరలు లక్ష్మి ఎప్పుడైనాయో నాకు తెలీదు. పరీక్షకు ముందర పెన్సిలు చెక్కే పిల్లోళ్ళను నేను నా టీచరు సర్వీసంతా చూసినా గదమ్మా. చెక్కుతారు, చెక్కుతారు, పెన్సిలే అయిపోతాది.

శనివారం ఒంటిపూట బడి. బడి విడిచినాక, పెనుకొండలో ప్యాసింజరు ఎక్కి హిందూపురం పోయినా. అప్పుడు టికెట్టు ఎంత, చిల్లరే, కాఫీ తాగే దుడ్లు. పోయి చూస్తే మూట మూల్లో ఉండాది, ఈయమ్మ దాని ముందర కూచోనుండాది, దేవునికి పూజ చేస్తాండేదాని మాదిరి. "లేయ్, నేనొస్తా పద" అంటి. "ఎండ తగ్గనీక్కా" అనింది. "ఎండ తగ్గేది ఆషాఢంలో" అంటి.

పోయినాం. మొదటి ఇంటి తలుపు కొట్టింది. ఒకాయమ్మ వచ్చింది. మా రత్నమ్మ నోరు తెరిచింది. చీరలమ్మా, అనల్ల గదా? "అమ్మా, కొంచెం మంచినీళ్ళిస్తారా?" అనింది. పాపం, ఎండలో వచ్చిన మనిషిని కాదనేదెవరు? చెంబు నిండా తెచ్చిచ్చిరి. తాగింది. సల్లగుండమ్మా అనింది. వచ్చేసినాం. పక్కింట్లో మళ్ళా మంచినీళ్ళే. ఆపైన ఇంట్లో మజ్జిగిచ్చిరి, ఉప్పు, అల్లం వేసి. మజ్జిగంటే గుర్తొస్తాది, మా మేనత్త చేసేది మజ్జిగ, అట్లాంటిది మళ్ళా నేను తాగలేదు... అదుండనీలే. ఒక ఇంట్లో పెద్దాయన, "మూటతో వచ్చినారు, యాడికమ్మా?" అని అడిగితే, ఈయమ్మ "ఊరికి పోతాండాం నాయనా" అనేసింది. ఆయప్ప చెప్పులేసుకోని వీధి చివరిదాకా వచ్చి, బస్టాండుకు దోవ చూపించి మరీ పోయినాడు. మంచోళ్ళ ఊరు అది. నీళ్ళు లేవు, ఏం కావల్ల మీకు అని కసిరే చెడ్డోళ్ళు ఒక్కరన్నా ఉండింటే మాకు బేరమయ్యేది.

నువ్వు నోరు తెరిచి చెప్పొచ్చు గదవ్వా అంటావు. పిల్లోడు లెక్క చేస్తాంటే పలక గుంజుకోని మనం చేసేస్తే వానికెప్పుడొస్తాది? ఊరికే ఉన్న్యా. ఉన్న్యానని కాదు, పండ్లు కొరుక్కుంటా ఉన్న్యా.

ఇంగ అన్ని ఇండ్లల్లో నీళ్ళు తాగితే ఏమైతాదో చెప్పు. నవ్వద్దు. చింతచెట్ల వీధిలో ఒక ఇంటి అరుగు మింద ఆడోళ్ళు గుంపుగా కూచోని చింతపండు గింజలు తీస్తాండారు. ఈయమ్మ గబగబా పోయి, ఇంటామె చెవిలో ఏదో చెప్పి, మూట నా కాళ్ళ దగ్గర పడేసి దొడ్లోకి పరిగెత్తింది. ఆడోళ్ళు మూట దిక్కు చూసిరి. "ఏముండాదమ్మా దాంట్లో?" అని ఒకామె చెయ్యి చాపింది. చెయ్యంతా చింతపండు! "ముట్టుకోవద్దు! చీరలుండాయి. ముందు చేతులు కడుక్కోని రాండి" అంటి. తరగతిలో అనేటట్ల అనేసినా. అలవాటు గదా. నా మీదికొస్తారేమో అనుకుంటి. ఏం లేదు. అందరూ లేసి పోయి, తొట్టి దగ్గర కడుక్కోని, వచ్చి వరుసగా కూచోని, నా ముందర అరచేతులు చాపినారు, ఇట్ల, రెండు పక్కలా.

అప్పుడొచ్చింది మన పులి. చూస్తే మూట చుట్టూరా ఆడోళ్ళు, తడి చేతులతో. "ఈపొద్దు పొద్దుపాయెనమ్మా, రేపొస్తాం" అనింది! ఒకామె, బలే గొంతామెది, "రేపేందమ్మే? మేం చేతులు కడుక్కుంటిమి గదా!" అని గట్టిగా అరిచింది. ఇంగ తప్పేదెట్ల? విప్పల్ల. వారమంతా బిగించి బిగించి కట్టిన ముడి, రానే రాదు. ఆ గొంతామే వంగి పండ్లతో ఊడదీసింది.

అంతే తల్లీ. మా రత్నమ్మ ఏం గొప్పగా మాట్లాడలేదు. అన్నిమాట్లు సర్దింది గదా, ఏ చీర యాడుండాదో చూడకుండానే చెయ్యి పెట్టి తీసేది. "ఆ రంగు మీకొద్దక్కా, మిమ్మల్ని నల్లగ చూపిస్తాది, ఇది చూడండి" అని ఇంగోటి తీసింది. వద్దనే మనిషినే గదా నమ్ముతారు. ఒక చీర కాదు, ఆ అరుగు మిందనే మూడు పాయె.

భయం పోయిందా అంటావా? యాడ పోతాది? ఇప్పటికీ ఆయమ్మ కొత్త గడప తొక్కాలంటే చెమటలు పడతాయి, పోయి అడుగు. కాకుంటే ఒకటి నేర్చుకునింది. వీధి మొదట్లోనే, భయం వచ్చేలోపల, "చేతులు కడుక్కోండమ్మోయ్!" అని కేకేసేది. కేకేసినాక, జనం చేతులు కడుక్కోని బయట నిలబడినాక, నీళ్ళడిగి వచ్చేసేదానికి లేదు గదా. ధైర్యమంటే అదే, దాని దగ్గరుండింది. నువ్వూ పొద్దున్నే ఏదో ఒక అంగడాయనకు, పదింటికి వస్తాండా, మిషన్ పెట్టేదానికి బల్ల మింద చోటు చెయ్యప్పా అని ఫోన్ చేసెయ్. వీడియో తర్వాత చూస్తువులే. ఇది మీ ఆఫీసులో చెప్పద్దు, పులి అనే చెప్పు, వాళ్ళకు అదే కావల్ల.

యాడున్న్యా? ఆ, ఆ సాయంత్రం. ఇంటికి పోతే, వసంత గడపలో కూచోనుండాది, మొఖం వాచిపోయి. ఎట్లాగూ పోతామని, పిచ్చిది, ఉండేవన్నీ స్నేహితురాండ్లకు పంచేసింది. కంపాసు పెట్టె ఒకదానికి, అట్టలేసిన తెలుగు వాచకం ఒకదానికి, ఎర్ర రిబ్బన్లు ఇంగోదానికి. వాళ్ళమ్మ, "పోవడంల్యా పాపా, ఈడనే ఉంటాం" అనింది. ఆ పిల్ల ఒక్క క్షణం ఇద్దరి మొఖాలూ చూసింది. చెప్పులు గూడా వేసుకోలేదు. వీధిలోకి పరిగెత్తి, "నా పుస్తకం నాకిచ్చెయ్యే! నా రిబ్బన్లు ఇచ్చెయ్యే!" అని ఇల్లిల్లూ తిరిగింది. కంపాసు పెట్టె తీసుకున్న పిల్ల ఇచ్చింది ఇచ్చిందే అనిందంట. ఇది వాళ్ళ గుమ్మంలోనే బాసిపట్లేసుకోని కూచునింది, ఇచ్చేదాకా లేయలేదు.

మాతోపాటు ఆ ఎండలో తిరగనే లేదు అది. ఎవురూ ఏం నేర్పలేదు. కావాల్సింది తెలిసింది, పోయి అడిగింది.

సల్లగుండు తల్లీ. నీకు ఏం కావాల్నో నీకు తొందరగా తెలియనీ.