ఎగిరే బొమ్మల సినిమా

ఏలూరులో సినిమా హాలు మెట్ల దగ్గర అతను కుంటికాలితో ఆగిపోయాడు. ఐదేళ్ల కూతురు అప్పటికే తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతోంది.

"ఇంటికెళ్లిపోదామే. దీనికి ఈ సినిమా వద్దు."

"టికెట్లు తీసుకున్నాకా? చిన్నప్పుడు టీవీలో ఈ ఎగిరే వీరుడొస్తే అన్నం కూడా ముట్టేవారు కాదటగా మీరు!"

"వాణ్ణి చూసేగా మా గూడెంలో రైసుమిల్లు షెడ్డెక్కి దూకాను."

"ఊకగుట్ట మీదికేగా దూకారు. మెత్తటి ఊక మీద పడితే కాలెలా విరిగిందండీ?"

"రోజూ ఊక మీదే పడేవాణ్ణి. దెబ్బ తగలకపోయేసరికి నాకు ఎగరడం వచ్చేసిందనుకున్నాను. ఆ రోజు లారీవాళ్లు ఊకంతా ఎత్తుకుపోయారు. నేను కిందికి చూడనే లేదు."

"అయ్యో రాత!"

"నిన్న ఇది మెడకి తువ్వాలు కట్టుకుని మంచమెక్కింది, చూశావా?"

"మంచమేగా."

"నేనూ మంచంతోనే మొదలెట్టాను."

"సరే, దాని చెయ్యి మీరే పట్టుకు కూర్చోండి. వదలకండి."

లోపల లైట్లారిపోయాయి. కొంతసేపటికి తెర మీద వీరుడు మేడ అంచున నిలబడ్డాడు.

"ఏవండీ..."

"ఉండవే! ఇప్పుడు చూడు, ఎడం చెయ్యి ముందుకి చాపుతాడు."

"ముందు కూర్చోండి. వెనకవాళ్లు తిడుతున్నారు."

అతను ఉలిక్కిపడ్డాడు. తను ఎప్పుడు లేచాడో లేచి నిలబడి ఉన్నాడు. ఎడం చెయ్యి తెరవైపు చాచి ఉంది. రెండో చేతిలో పాప చెయ్యి లేదు.

"పాపేదే?"

"నా ఒళ్లో ఉంది. మిమ్మల్ని చూసి జడుసుకుని వచ్చేసింది."