డోన్‌లో వానకోటు

డోన్ స్టేషను ఎదుట ఖాసిం వలి దర్జీ కొట్టు. మేనకోడలి పెండ్లికి మద్రాసు బయలుదేరిన దేవేంద్రప్పను సాగనంపడానికి భార్య హంపమ్మ నీళ్ళ కూజాతో వచ్చింది. కార్తీక మాసం, మద్రాసులో వానల కాలం. డోన్‌లో మాత్రం ఆకాశంలో మబ్బు తునక లేదు.

"కంబళి వద్దంటే వద్దు హంపీ! పోయిన తూరి నిశ్చితార్థానికి కప్పుకొని పోతే ఏమాయెనో మరిచిపోయినావా?"

"ఏమాయె? తడిసె. వానకు తడవక ఎండకు తడుస్తుందా? మూటలో పెట్టినా, పట్టుకపో."

"ఉత్తగా తడిసిందా? మద్రాసు వాననంతా అదే తాగె. దాన్ని మోసుకొని వియ్యంకుల ఇంట్లో కాలు పెడితే, పెండ్లికొడుకు జేజి, ముసలామె, చూపు ల్యా, వాసన చూసి ఏమనె? 'ఎవర్రా గొర్రెను లోపలికి తోలింది, బయట కట్టెయ్యండి' అనె."

"కట్టేసినారా?"

"నవ్వొద్దు. ఖాసిమన్నా, నువ్వు గూడ నవ్వొద్దు."

"యాడ నవ్వినానప్పా? నోట్లో సూది ఉండాది."

"మద్రాసు సుట్టాలంతా ఇంకా ఆ మాటే చెప్పుకొని నవ్వుతాండారంట. మళ్ళీ కంబళితో దిగితే కూతురి పెండ్లిలో మా లక్ష్మక్క తల యాడ పెట్టుకుంటుంది?"

"అయితే గొడుగు తీసుకోయ్యా."

"మేనమామను నేనొక్కన్నే. విడిదింటి కాడి నుంచి పందిరిదాకా పెండ్లికూతుర్ని ఎత్తుకొని పోవల్ల. రెండు చేతులూ పిల్లకే సరిపోతే గొడుగు నోట కరుచుకుంటానా?"

"అందుకే గదప్పా ఈ కోటు చూడమంటాండా. రైల్వే దొర బదిలీ మీద పోతా ఇడిసిపెట్టిన రబ్బరు కోటు. చుక్క లోపలికి రాదు."

"నువ్వు చూసినావా అన్నా?"

"ఏం చూసేదమ్మా?"

"చుక్క లోపలికి రానిది."

"ఎట్ల చూస్తా హంపమ్మా? ఈ కోటొచ్చినప్పటి నుంచి వానొస్తే గదా."

"మొన్న ఆషాఢంలో నాలుగు చినుకులు పడె గదా?"

"పడె. పడంగానే లోపల పెట్టేస్తి. ఇంత మంచి కోటు, తడిసిపోదూ?"

"సరిపాయె! వాన చూడని కోటు, కోటు చూడని వాన. ఈయన పోయి రెండిటికీ మద్రాసులో పెండ్లి చేస్తాడు."

"ఎగతాళి చాలుగానీ, ఆ కూజా ఇట్లియ్యి. కోటు తొడుక్కుంటా, నా ఈపు మీద రెండు చెంబులు పోయ్యి. తెలిసిపోతుంది."

"ఎవురి నీళ్ళనుకున్నావు? మన ఊరి బాయి ఎండిపోతే, గుట్ట అవతల బాయి కాడికి పోయి తెచ్చినా. నీ ఈపు మీద పోసి నేలపాలు చెయ్యాల్నా?"

"ఒక్క చెంబు!"

"చుక్క గూడ పొయ్యను."

"మరి కోటు సంగతి ఎట్ల తెలుస్తుందే?"

"అన్నా, కోటుకు చేతులుండాయి గదా. ఒక చేతికి మణికట్టు కాడ తాడేసి బిగించు. దాని లోపల పోద్దాం. కారకుంటే మళ్ళీ కూజాలోకే వంచుకుందాం. లోపలివి బయటికి రాకుంటే, బయటివి లోపలికి ఎట్లొస్తాయి?"

"అరె! ప్లీడర్ల గౌను నేనే కుట్టిస్తా తల్లీ, నువ్వు కోర్టుకు పో. ఇదో, తాడు బిగిస్తి. పొయ్యి."

"మెల్లగ... మెల్లగ... ఎత్తి పట్టుకో అన్నా. ఏమయ్యా, కింద కూచోని చూడు. కారతాండాదా?"

"ల్యా."

"బాగా చూడు."

"చూస్తాండా. కింద చీమ పోతాండాది. చీమ గూడ తడవల్యా."

"అల్లా! కోటు చెయ్యి చూడప్పా, పహిల్వాన్ చెయ్యి మాదిరి ఉబ్బె!"

"కూజాడు నీళ్ళు ఒక్క చేతిలోనే పట్టె... ఇంకో చెయ్యి ఖాళీగానే ఉండాది..."

"ఏమంటివి హంపీ?"

"నేనేమంటి? మంచి కోటు అంటి. తీసుకో."

"నడుం పట్టుకున్నావేమి?"

"యాడ? కొంగు సర్దుకుంటాండా."

"కొంగు నడుం ఎనకాల ఉంటుందా? పది దినాలుగా చూస్తాండా, వంగి నడుస్తాండావు."

"నీ కోటు సంగతి చూసుకోవయ్యా. పెండ్లికి పోతాండేది నా నడుమా, నువ్వా? అన్నా, నీళ్ళు కూజాలోకి వంచు. ఆఁ, ఇంక తొడుక్కో, చూద్దాం."

"తొడుక్కుంటాండా... అయ్యయ్యో!"

"ఏమాయె?"

"చెయ్యంతా తడి! చంకదాకా కారె! పెండ్లికని ఉతికించిన చొక్కా ఇది!"

"మబ్బు లేని డోన్‌లో వానకోటు తొడుక్కొని తడిసినోన్ని నిన్నే చూసినా."

"కోటుదేం తప్పప్పా? బయట చూడు, పొడిగా ల్యా? చుక్క దాటనీదంటి, దాటనిచ్చిందా?"

"ఖాసిమన్నా, నువ్వు నోట్లో సూది పెట్టుకో."

"గంట కొట్టిరి! బండొస్తాండాది! పా, పా! మూట యాడ?"

"మూట నా చేతిలో ఉండాది. నువ్వు కూజా తీసుకొని ముందర నడువు హంపీ. కోటు మడిచి వస్తా."

"తొందరగా రా. ఆడ నిలబడి మాటలు పెట్టుకోగాకు."

"పోతివా? పో. ఖాసిమన్నా, ఇంకో తాడు ముక్క ఇయ్యి."

"మళ్ళీ తాడెందుకప్పా?"

"ఇయ్యన్నా, బండి నిలబడదు."

"ఏమయ్యా, బండెక్కినావా?"

"ఎక్కినా. కిటికీ కాడ చోటు దొరికె. కూజా ఇయ్యి."

"నీళ్ళు రబ్బరు కంపు కొడతాండాయి. గుంతకల్లులో పారబోసి... కాదు కాదు, పారబొయ్యగాకు, చెట్టు మొదట్లో పోసి వేరేవి పట్టుకో. అయ్యో! కోటేదయ్యా?"

"ఏ కోటు?"

"ఏ కోటంటావేమి! అంగట్లో మరిచిపోతివా? ఖాసిమన్నా! ఓ ఖాసిమన్నా! పరుగెత్తి కోటు తే!"

"నీ ఎనకాలే ఉండానమ్మా. ఆయప్ప మరిచిపోలేదు. కంబళి కప్పుకొని కూచున్నాడు, చూడరాదా."

"మతి పోయిందా నీకు? బండి కదులుతాండాది! మళ్ళీ గొర్రె అంటారు! పెండ్లిలో అందరి ముందర బయట కట్టెయ్యమంటారు!"

"కట్టేయనీలే హంపీ! కోటుకు రెండో చెయ్యి గూడ ముడేసి ఖాసిమన్న కాడ పెట్టినా, తీసుకపో! ఇంక ఆ నడుం మీద బిందె పెట్టగాకు. కోటు భుజాల మీద ఏసుకో, దాని చేతులు రెండూ నీళ్ళతో నింపుకో, నీ చేతులు ఊపుకుంటా నడిచి రా!"